గతసారి ఏమైందో గుర్తుంది, కానీ ఎందుకో ఇలా తోస్తోంది: ఎటు వెళ్లాలో తేల్చుకోవడం ఎలా?

"నిదానమే ప్రధానం" అని మనకో సామెత ఉంది. "ఆలస్యం అమృతం విషం" అనీ ఉంది. ఎవరి స్వభావానికి నప్పేది వాళ్లు పట్టుకుని, రెండోదాన్ని విననట్టే ఉంటారు. ఏదైనా నిర్ణయం దగ్గర ఇద్దరు కూర్చున్నప్పుడు జరిగేదీ ఇదే. ఒకరు "గతసారి ఏమైందో మర్చిపోయావా?" అంటారు. ఇంకొకరు "ఎందుకో నాకిది మంచిదే అనిపిస్తోంది" అంటారు. మొదటివాళ్ల కంటికి రెండోవాళ్లు గాలిలో మేడలు కట్టేవాళ్లు. రెండోవాళ్ల కంటికి మొదటివాళ్లు పాత లెక్కలు తవ్వుకుంటూ కూర్చునేవాళ్లు.

ఆ "ఎందుకో" కూడా జ్ఞాపకమే. ఎప్పటిదో, ఎక్కడిదో రాసిన చీటీ ఊడిపోయింది, అంతే తేడా. ఈ సంగతి ఒప్పుకుంటే సగం గొడవ తీరుతుంది. ఇక మిగిలేది, ఆ చీటీని వెతికి పట్టుకోవడం ఎలా అన్నదే. ఒక నోటుపుస్తకం, తేల్చుకోవాల్సిన ఒక నిర్ణయం దగ్గర పెట్టుకుని చదవండి. మొదటిసారికి మరీ పెద్ద విషయం వద్దు. రేపటికల్లా తేల్చాల్సినదీ వద్దు.

1. మీ స్వభావాన్ని మీ మాటల్లో పట్టుకోండి

మనిషి స్వభావాన్ని నాలుగు ఇంగ్లిషు అక్షరాల్లో చెప్పే పర్సనాలిటీ టెస్టులు ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి. వాటి మూలం స్విస్ మనోవైద్యుడు కార్ల్ యుంగ్ 1921లో చెప్పిన సిద్ధాంతం. మనుషుల్లో కొందరు కళ్లెదుట ఉన్నదాన్నీ, అనుభవానికి వచ్చినదాన్నీ ఎక్కువగా నమ్ముతారనీ, కొందరు తోచినదాన్ని ఎక్కువగా నమ్ముతారనీ, అలాగే తర్కంతో తూచేవాళ్లు, ఇష్టాయిష్టాలతో తూచేవాళ్లు ఉంటారనీ ఆయన అన్నాడు. ఆలోచన బాగుంది. దాన్ని పరీక్షగా మార్చి, మనిషిని ఒక డబ్బాలో పెట్టి మూత వేయడంతోనే చిక్కొచ్చింది. అదే టెస్టు కొన్ని వారాల తర్వాత రాస్తే చాలామందికి వేరే అక్షరాలు వస్తాయి.

నాకు ఎక్కువ నచ్చేది సేమర్ ఎప్‌స్టీన్ అనే మనస్తత్వవేత్త చూపించిన సంగతి. ఆలోచించి తేల్చడం ఇష్టపడటం, తోచినదాన్ని నమ్మడం అనేవి ఒకే కొలబద్దకు రెండు చివరలు కావు. అవి రెండు వేర్వేరు కొలబద్దలు. రెండూ ఎక్కువగా ఉన్నవాళ్లుంటారు, రెండూ తక్కువగా ఉన్నవాళ్లూ ఉంటారు. కాబట్టి "నేను లాజిక్ మనిషిని, నాకు ఇలాంటివి తోచవు" అని చెప్పుకునేవాళ్లు కొంచెం ఆగాలి.

ఇక చేయాల్సిన పని. గత ఏడాదిలో మీరు తీసుకున్న నిర్ణయాలు అయిదు రాయండి. ఒక్కోదాని పక్కన, విషయం వినగానే మీ నోటి నుంచి వచ్చిన మొదటి మాట రాయండి. "ఇంతకుముందు ఇలాగే..." అన్నారా? "నాకెందుకో..." అన్నారా? "ముందు వివరాలన్నీ చూద్దాం" అన్నారా? "వాళ్లేమనుకుంటారో" అన్నారా? "ఏదైనా తేడా కొడితే?" అన్నారా? అయిదింట్లో మూడుసార్లు వచ్చినదే మీ అలవాటు దారి. రెండు దారులు సమానంగా వస్తే రెండూ మీవే. ఇంట్లో ఒక దారి, ఆఫీసులో ఇంకో దారి ఉండటం కూడా మామూలే.

2. తోచినదాన్ని నమ్మొచ్చా? రెండు ప్రశ్నలు వేయండి

అమెరికాలో గ్యారీ క్లైన్ అనే పరిశోధకుడు అగ్నిమాపక దళాల అధికారులు నిప్పుల మధ్య ఎలా నిర్ణయాలు తీసుకుంటారో ఏళ్ల తరబడి గమనించాడు. వాళ్లలో ఒకాయన చెప్పిన సంఘటన చాలా ప్రసిద్ధం. ఒక ఇంట్లో వంటగది తగలబడుతోంది. నీళ్లు కొడుతున్నా మంట తగ్గడం లేదు. ఆయనకు ఉన్నట్టుండి ఏదో తేడాగా అనిపించింది. అందరినీ బయటకు రమ్మన్నాడు. బయటపడిన కాసేపటికే వాళ్లు నిలబడ్డ నేల కూలిపోయింది. అసలు మంట ఆ నేల కింది గదిలో ఉంది. తనకేదో అతీంద్రియ శక్తి ఉందని ఆయన నమ్మాడు. కూర్చోబెట్టి అడుగుతూ పోతే అసలు సంగతి తెలిసింది. అంత చిన్న మంటకు ఉండాల్సిన దానికంటే ఆ గదిలో వేడి ఎక్కువ, చప్పుడు తక్కువ. ఏళ్ల తరబడి చూసిన మంటలన్నీ ఆయన ఒంట్లో ఒక లెక్కగా పేరుకున్నాయి. ఈ మంట ఆ లెక్కకు సరిపోలేదు.

చదరంగంలోనూ ఇంతే. 1973లో విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ కలిసి ఒక పరీక్ష చేశారు. నిజమైన ఆట మధ్యలో ఉన్న బల్లను 5 సెకన్లు చూపిస్తే, మాస్టర్ పావుల్లో ఎక్కువ భాగం ఎక్కడెక్కడ ఉన్నాయో తిరిగి పెట్టేశాడు. కొత్తవాడికి నాలుగైదు గుర్తున్నాయి. అవే పావుల్ని అడ్డదిడ్డంగా పేర్చి చూపిస్తే మాస్టర్‌కి ఉన్న ఆధిక్యం దాదాపు పోయింది. అంటే ఆయనది గొప్ప జ్ఞాపకశక్తేం కాదు. ఎన్నో ఆటల్లో చూసిన అమరికలు ఆయనకు కంటిచూపులోనే తెలుస్తాయి.

తోచినదాన్ని అనుమానించే మనస్తత్వవేత్త డానియల్ కానెమన్, దాన్ని సమర్థించే ఇదే క్లైన్, ఇద్దరూ వాదించుకుని, చివరికి 2009లో కలిసి ఒక వ్యాసం రాశారు. ఈ వ్యాసం గురించి చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. ఇలా కూర్చుని తేల్చుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు! వాళ్లు ఒప్పుకున్న సంగతిని మనం రెండు ప్రశ్నలుగా వాడుకోవచ్చు.

ఈ రంగంలో ఒక క్రమం ఉందా? అంటే ఇలాంటి గుర్తులు కనిపిస్తే ఇలాంటి ఫలితం వస్తుందన్న నిలకడ ఉందా? మంటకు ఉంది, చదరంగానికి ఉంది, జబ్బుపడ్డ పిల్లల్ని రోజూ చూసే నర్సు పనికి ఉంది. షేర్ల ధర వచ్చే ఏడాది ఎలా ఉంటుందన్న దానికి లేదు.

మీ అంచనా తప్పైనప్పుడు ఆ సంగతి మీకు త్వరగా, తేటగా తెలిసిందా? అదీ చాలాసార్లు?

రెండింటికీ అవును అయితే, మీకు తోచినదానికి బరువుంది. ఒక్కదానికి కాదు అని వచ్చినా, ఎంత గట్టిగా తోచినా దాన్ని ఒక అభిప్రాయంగానే చూడండి. ఇక్కడ మోసపోవడం సులువు. నమ్మకం ఎంత గట్టిగా ఉంది అన్నది, అది ఎంత నిజం అన్నదానికి సాక్ష్యం కాదు. ఇరవై ఏళ్లుగా మనుషుల్ని ఇంటర్వ్యూలు చేస్తున్నానని ఒకరు ధీమాగా చెప్పొచ్చు. తాను వద్దన్నవాళ్లు తర్వాత ఎలా రాణించారో ఆయనకెప్పుడూ తెలియలేదు కదా? అలాంటప్పుడు అవి ఇరవై ఏళ్ల అనుభవమా, ఒకే ఏడాది ఇరవైసార్లా?

3. జ్ఞాపకాన్ని సాక్షిలా విచారించండి

"గతసారి" మనుషులకు ఈ భాగం కొంచెం కష్టంగా ఉంటుంది. వాళ్ల దగ్గర ఆధారం ఉందని వాళ్ల ధైర్యం. ఆ ఆధారం భద్రపరిచిన ఫొటో కాదని మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. తమకు అలవాటు లేని ఒక కథ చదివినవాళ్లు, దాన్ని తిరిగి చెప్పిన ప్రతిసారీ తమకు అర్థమయ్యే రీతిలో మార్చుకుంటూ పోయారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. గుర్తుచేసుకోవడమంటే మళ్లీ కట్టుకోవడమే.

కట్టుకునేటప్పుడు జరిగే ఒక చిత్రం చూడండి. 1993లో కానెమన్, ఆయన సహ పరిశోధకులు కొందరి చేత చన్నీళ్లలో చెయ్యి పెట్టించారు. ఒకసారి 60 సెకన్లు, 14 డిగ్రీల నీళ్లలో. ఇంకోసారి అదే 60 సెకన్లు, ఆపైన మరో 30 సెకన్లు. ఆ చివరి 30 సెకన్లలో నీళ్లు 15 డిగ్రీలకు కొంచెం కొంచెంగా వేడెక్కాయి. మళ్లీ చేయాల్సి వస్తే ఏది కావాలని అడిగితే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. బాధ మొత్తంగా అందులోనే ఎక్కువ! జ్ఞాపకానికి ఎంతసేపు అన్నది పట్టదు. ఎక్కడ తీవ్రంగా ఉంది, ఎలా ముగిసింది అన్నవే మిగులుతాయి. మూడేళ్లు హాయిగా చేసిన ఉద్యోగం చివరి నెల గొడవతో చెడ్డ ఉద్యోగం అయిపోవడం ఇందుకే.

కాబట్టి మీ నిర్ణయం వెనక నిలబడ్డ జ్ఞాపకాన్ని ఒక వాక్యంలో రాసి, దాన్ని ఇలా అడగండి. నువ్వు ఎన్నిసార్లు జరిగావు, ఒక్కసారేనా? మొదటి నుంచి చివరి వరకు ఎలా ఉన్నావు, చివర ఒక్కటేనా? ఇప్పుడు నేనున్న మూడ్‌కీ నీకూ సంబంధం ఉందా? చివరి ప్రశ్న తేలిగ్గా తీసుకోవద్దు. దిగులుగా ఉన్నప్పుడు దిగులు జ్ఞాపకాలు త్వరగా పైకి వస్తాయని గార్డన్ బోవర్ 1980ల తొలి రోజుల్లోనే వివరించాడు. చిరాకుగా ఉన్న సాయంత్రం గుర్తొచ్చే గతం, బాగా నిద్రపోయి లేచిన పొద్దున గుర్తొచ్చే గతం ఒకటి కావు. అందుకే ఈ పనిని రెండు వేర్వేరు రోజుల్లో, రెండు వేర్వేరు వేళల్లో చేసి పోల్చుకోండి.

ఇంకో ప్రశ్న: ఆనాటికీ ఈనాటికీ మారినవి ఏమిటి? పాము కరిచినవాడికి తాడు కూడా పామే. ఆనాడు మీ వయసు, అవసరం, మీతో ఉన్న మనుషులు, చేతిలో ఉన్న సమయం, ఇవన్నీ వేరు. మారినవి మూడు కనిపించాయంటే, "గతసారి" అన్న మాటకున్న బరువు అంతమేరకు తగ్గించుకోవాలి.

4. మీ రకానికి తగ్గ అడ్డుకట్ట వేసుకోండి

"గతసారి" మనిషికి చెప్పాల్సింది పై భాగంలోనే చెప్పేశాను. ఒక్కటి కలుపుతాను. మీ జ్ఞాపకానికి వ్యతిరేకంగా జరిగిన ఉదాహరణ ఒక్కటైనా వెతకండి. మీదే కానక్కర్లేదు, ఎవరిదైనా సరే. దొరకలేదంటే, మీరు వెతికింది తక్కువని అర్థం.

"నాకెందుకో" మనిషి అయితే మీ గొప్పా మీ ముప్పూ వేగమే. ఒక చిన్న లెక్క. చెరువులో తామరాకులు రోజురోజుకూ రెట్టింపవుతున్నాయి. చెరువు మొత్తం నిండటానికి 48 రోజులు పడితే, సగం నిండటానికి ఎన్ని రోజులు? చాలామందికి ముందు తట్టేది 24. సరైన జవాబు 47. షేన్ ఫ్రెడరిక్ 2005లో ఇలాంటి మూడు ప్రశ్నలతో ఒక చిన్న పరీక్ష తయారుచేశాడు. మొదట తట్టినదాన్ని ఆపి ఒక్కసారి వెనక్కి చూసుకునే అలవాటు మనకెంత ఉందో అది చూపిస్తుంది. మీరు చేయాల్సిన పని: తోచినదాన్ని ఒక వాక్యంలో రాసి, దాని కింద "ఎందుకంటే" అని రాసి, కనీసం రెండు గుర్తులు పూరించండి. ఫలానా మాట విన్నాను, ఫలానా చోట ఆయన తడబడ్డాడు, ఇలా. ఆ అధికారికి వేడీ నిశ్శబ్దమూ ఎలా బయటపడ్డాయో మీకూ అలాగే ఏదో ఒకటి బయటపడాలి. ఏదీ రాకపోతే తోచినది తప్పని కాదు. ఒక రాత్రి ఆగమని.

అలాగని ఒళ్లు చెప్పే మాటను కొట్టిపారేయొద్దు. 1997లో ఆంటోనియో డమాసియో బృందం ప్రచురించిన పేకముక్కల ప్రయోగంలో, కొన్ని కట్టల్లో నష్టం ఎక్కువని ఆటగాళ్లు నోటితో చెప్పగలగకముందే, ఆ కట్టల మీద చెయ్యి వేయబోతున్నప్పుడు వాళ్ల అరచేతుల్లో చెమట మారింది. తర్వాత 2004లో వేరే పరిశోధకులు ఇంకా లోతుగా ప్రశ్నలు అడిగి చూస్తే, ఆటగాళ్లకు అనుకున్న దానికంటే చాలా ముందే విషయం తెలుసని తేలింది. నాకు ఈ రెండోది మరీ పనికొచ్చే మాటగా కనిపిస్తుంది. సరిగ్గా అడిగితే మనకు తెలిసింది మనమే చెప్పగలం.

"వివరాలన్నీ చూద్దాం" మనిషికి జ్ఞాపకం మీదా నమ్మకం తక్కువ, తోచినదాని మీదా నమ్మకం తక్కువ. జాబితా మీదే నమ్మకం. జాబితా ఎప్పటికీ పూర్తికాదు, అదీ టెన్షన్. బ్యారీ ష్వార్ట్జ్, మరికొందరు 2006లో ఉద్యోగాలు వెతుక్కుంటున్న విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, అన్నింటికంటే మంచిదే కావాలని వెతికినవాళ్లకు జీతం సుమారు 20 శాతం ఎక్కువే దొరికింది. అయినా ఆ ఉద్యోగంతో వాళ్ల సంతృప్తి మిగతావాళ్లకంటే తక్కువ. మీకు మందు హెర్బర్ట్ సైమన్ 1950లలోనే చెప్పాడు: ముందే "ఇంతుంటే చాలు" అన్న గీత గీసుకుని, దాన్ని దాటిన మొదటిదాన్ని తీసుకోవడం. వెతకడం మొదలుపెట్టకముందే ఆ గీత కాగితం మీద ఉండాలి. మధ్యలో గీస్తే ఆ గీత పక్కకు జరుగుతూనే ఉంటుంది.

"వాళ్లేమనుకుంటారో" మనుషులకు ఒక చిక్కుంది. వాళ్లకు తోచేది చాలాసార్లు ఇతరుల ముఖంలో చదివింది. మనుషుల్ని చదవడంలో వాళ్లు దిట్టలు కావొచ్చు, కానీ అది నిర్ణయం బాగుందా అన్న ప్రశ్నకు జవాబు కాదు. ఎవరితోనూ మాట్లాడకముందే మీ మాట రాసి పెట్టుకోండి. తర్వాత ఎంతమందినైనా అడగండి.

"తేడా కొడితే?" అని ముందు భయం తలెత్తే స్వభావం మీదైతే, మీకు తోచే కీడు, గుర్తొచ్చే చేదు, రెండూ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. భయాన్ని పోగొట్టుకోమని ఎవరైనా చెబితే వినకండి, దానికి పని అప్పగించండి. ఏం తేడా రావొచ్చు, వస్తే మొదట కనిపించే గుర్తు ఏది, అప్పుడు చేయగలిగింది ఏమిటి, మూడు గడుల్లో రాయండి. మూడో గడి ఖాళీగా ఉన్న వరుసలే అసలు ఆలోచించాల్సినవి. మిగతావి కునుకు పట్టనివ్వని కబుర్లు.

5. ముందు విడివిడి మార్కులు, ఆ తర్వాతే కళ్లు మూసుకోవడం

కానెమన్‌కు ఇరవై ఒక్క ఏళ్లప్పుడు, 1950ల మధ్యలో, ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తగా చేరేవాళ్ల ఇంటర్వ్యూలను బాగుచేసే పని పడింది. అప్పటిదాకా ఇంటర్వ్యూ చేసేవాళ్లు మాట్లాడి, మొత్తం మీద ఎలా అనిపించిందో చెప్పేవాళ్లు. ఆ అంచనాలు పెద్దగా పనికిరాలేదు. ఆయన ఆరు లక్షణాలు ఎంచి, ఒక్కోదానికీ వాస్తవాలు అడిగి విడిగా మార్కులు వేయమన్నాడు. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నావని వాళ్లు గోల పెట్టారు. సరే, ఆరూ అయ్యాక కళ్లు మూసుకుని, ఆ కుర్రాడిని సైనికుడిగా ఊహించుకుని ఒక మార్కు వేయండి అన్నాడు. తర్వాత చూస్తే ఆరు మార్కుల మొత్తం పాత పద్ధతికంటే చాలా మెరుగ్గా ఉంది. వింతేమిటంటే, కళ్లు మూసుకుని వేసిన మార్కు కూడా అంతే బాగా పనిచేసింది.

మీరు కూడా నాలుగు నుంచి ఆరు అంశాలు రాసుకోండి. ఒక్కో అంశానికీ అన్ని దారులకూ 1 నుంచి 5 వరకు మార్కులు వేసేయండి. ఒక అంశం పూర్తిగా అయ్యాకే ఇంకోదానికి వెళ్లాలి, లేకపోతే మొదటిదాంట్లో నచ్చింది మిగతావాటినీ నచ్చేలా చేస్తుంది. అప్పుడు కళ్లు మూసుకోండి. ఒక్కో దారిలో ఆరు నెలల తర్వాత ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో ఊహించుకోండి. పండగ రోజు కాదు, మామూలు రోజు. మార్కుల మొత్తమూ, ఊహలో నచ్చిందీ ఒకటే అయితే పని అయిపోయినట్టే. వేరైతే మార్కులు దిద్ది సర్దేయకండి (నేను చాలాసార్లు చేసిన దొంగపని ఇది). రాయడం మర్చిపోయిన అంశం ఏదో ఉంది. దాన్ని వెతకండి.

6. తేదీ వేసి రాసి, పుస్తకం మూసేయండి

నిర్ణయం ఏమిటి, ఎందుకు, ఏం జరుగుతుందనుకుంటున్నారు, పదికి ఎంత నమ్మకం. నాలుగు వరుసలు చాలు. తీసుకున్న రోజునే రాయాలి.

ఎందుకంటే తర్వాత మనకు నిజం గుర్తుండదు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా, సోవియట్ యూనియన్ పర్యటనలకు వెళ్లబోతున్నప్పుడు, ఏమేం జరగొచ్చో బరూక్ ఫిషాఫ్, రూత్ బేత్ కొందరు విద్యార్థుల చేత అంచనాలు వేయించారు. పర్యటనలు అయ్యాక, అప్పట్లో మీరు వేసిన అంచనాలు గుర్తుచేసుకుని చెప్పండి అన్నారు. జరిగిన వాటికి తాము నిజంగా వేసిన దానికంటే ఎక్కువే వేశామని చాలామంది చెప్పారు. "నేను ముందే అనుకున్నా" అన్న మాట ఇలా పుడుతుంది.

నా సంగతే చెబుతాను. ఒకాయనతో కలిసి ఒక పని మొదలుపెట్టాను, అది చెడింది. మొదటి రోజే ఆయన మీద నాకు అనుమానం వచ్చిందని అందరికీ చెప్పుకుని తిరిగాను. ఏడాది తర్వాత పుస్తకం తెరిస్తే, నా చేతి రాతే: "మంచి మనిషి, పదికి తొమ్మిది." అనుమానం ఊసే లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని ఎవరినో అంటుంటాం గానీ, మన కుందేలును ఎవరు లెక్కపెడతారు?

మూడు నెలలకోసారి పుస్తకం తీయండి. తీసేముందు, ఆనాడు ఏం రాసి ఉంటారో ఒక చీటీ మీద రాయండి, అప్పుడు తెరవండి. పది, పన్నెండు నిర్ణయాలయ్యాక ఒక తీరు కనబడటం మొదలవుతుంది. మనుషుల విషయంలో మీకు తోచేది తప్పుతోందేమో, సమయం లెక్కల్లో మీ జ్ఞాపకం ఎప్పుడూ తక్కువ చూపిస్తోందేమో. ఫలితం చెడినంత మాత్రాన నిర్ణయం చెడ్డదని రాసుకోవద్దు. కారణాలు చూడండి. అదృష్టం కొద్దీ గట్టెక్కినవాటిని కూడా పట్టుకోండి, అవి ఇంకా ప్రమాదం.

7. వేరే రకం మనిషితో కలిసి తేల్చాల్సి వస్తే

భార్యాభర్తలో, ఒకే పని చేస్తున్న ఇద్దరో. ముందు ఎవరి కాగితం వాళ్లు నింపాలి, మాటలు తర్వాత. గట్టిగా మాట్లాడేవాళ్లు ముందు మాట్లాడితే రెండోవాళ్ల జ్ఞాపకం కూడా వాళ్ల వైపు ఒరిగిపోతుంది.

తర్వాత ఒకరినొకరు వాళ్ల భాషలోనే అడగండి. "గతసారి" మనిషిని, "ఆరోజు మొదట ఏం జరిగింది, ఆ తర్వాత?" అని అడగాలి. "నాకెందుకో" మనిషిని, "ఇది నీకు దేన్ని గుర్తుచేస్తోంది?" అని అడగాలి. ఈ రెండో ప్రశ్నకు మొదట "ఏమో" అనే జవాబే వస్తుంది. కాసేపు మాట్లాడకుండా ఆగండి. చాలాసార్లు ఒక మనిషి, ఒక ఇల్లు, ఎప్పుడో విన్న ఒక మాట బయటికి వస్తుంది. అది ఈ విషయానికి సరిపోతుందో లేదో అప్పుడు ఇద్దరూ చూడొచ్చు.

ఒక మాటకు వచ్చేశాం అనుకున్నాక, చివరగా క్లైన్ చెప్పిన పని ఒకటి చేయండి. ఏడాది గడిచింది, ఈ నిర్ణయం పూర్తిగా బెడిసికొట్టింది అనుకుని, ఎందుకు బెడిసికొట్టిందో ఇద్దరూ విడివిడిగా అయిదు నిమిషాలు రాయండి. "బెడిసికొడితే?" అని కాదు, బెడిసికొట్టేసింది అని రాయాలి. "తేడా కొడితే" మనిషి ఇంట్లో ఉంటే ఈ అయిదు నిమిషాలూ కాగితం వాళ్లకే ఇవ్వండి, మీకు తట్టనివి పది రాసిస్తారు.